వినబడని మాట

హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున లేపాక్షి యను గ్రామము కలదు. విజయనగర రాజుల కాలమున, 16వ శతాబ్దమునందు నిర్మింపబడిన వీరభద్రస్వామి ఆలయముచేతను, ఒకే రాతిలో మలచిన పెద్ద నందిచేతను ఆ గ్రామము ప్రసిద్ధి కెక్కినది. దాని పేరునకు స్థలపురాణ మొక కథను చెప్పుచున్నది. రావణుడు సీతాదేవిని అపహరించుకొని పోవుచుండగా జటాయువు అడ్డుపడి పోరాడెను. తుదకు రెక్కలు తెగి ఈ ప్రదేశముననే నేల కొరిగెను. సీతను వెదకుచు వచ్చిన శ్రీరాముడు ఆ పక్షిని చూచి ‘లే పక్షీ’ యని పలికెనట. ఆ రెండు మాటలే కాలక్రమమున లేపాక్షి యయ్యెనని ప్రజలు చెప్పుకొందురు.

ఈ కథలో గమనింపదగిన విషయ మొకటి యున్నది. జటాయువు యుద్ధములో ఓడిపోయెను, సీతను విడిపింపలేకపోయెను. అయినను ఆ పక్షి ప్రయత్నము వ్యర్థము కాలేదు. ప్రాణము పోవుటకు ముందు తాను చూచిన సంగతిని, చెప్పవలసిన వానికి, వినబడునట్లు చెప్పెను. రాముడును చెవి యొగ్గి వినెను. ఒకరు చెప్పుట, మరొకరు వినుట అను రెండును కలిసిననాడే మాట పూర్తి యగును. చెప్పినవాడు ‘చెప్పితిని’ అనుకొని సంతృప్తి పడినను, వినవలసినవానికి ఆ మాట చేరకున్నచో అది అడవి గాచిన వెన్నెలయే.

మాటను దూరమునకు పంపవలెనను కోరిక మానవునకు మిక్కిలి పాతది. 1876వ సంవత్సరము మార్చి 10వ తేదీన అమెరికాలోని బోస్టన్ నగరమున అలెగ్జాండర్ గ్రాహంబెల్ తాను నిర్మించిన యంత్రముద్వారా వేరొక గదిలోనున్న తన సహాయకుడు వాట్సన్‌ను పిలిచెను. ఆరేండ్లు గడవకముందే, 1882 జనవరిలో, కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో టెలిఫోను ఎక్స్ఛేంజీలు తెరువబడెను. అటుపిమ్మట చాలకాలమువరకు దూరపు ఊళ్లతో మాటలాడదలచినవారు ట్రంకుకాల్ నమోదు చేసికొని గంటల తరబడి వేచియుండవలసి వచ్చెడిది. ఆపరేటరు సహాయము లేకయే నేరుగా నంబరు త్రిప్పి దూరపు ఊరితో మాటలాడు సౌకర్యము భారతదేశమున మొదటిసారిగా 1960లో కాన్పూరు, లక్నో నగరముల నడుమ ఏర్పడెను. 1995 జూలై 31వ తేదీన పశ్చిమబెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తానుండి, ఢిల్లీలోనున్న కేంద్రమంత్రి సుఖ్‌రాంతో సెల్‌ఫోనులో మాటలాడెను. దానితో దేశమున సెల్‌ఫోను యుగము ప్రారంభమైనది. కరోనా వ్యాధి కారణమున 2020 మార్చి 25వ తేదీనుండి దేశమంతట లాక్‌డౌన్ అమలైనప్పుడు పాఠములు, వైద్యుల సలహాలు, వ్యాపారపు బేరములు, న్యాయస్థానముల విచారణలు సైతము వీడియోకాల్ మార్గమును పట్టెను.

శ్రీ సత్యసాయి జిల్లాలోని మూడు పట్టణములను చూచినచో ఈ మార్పు స్పష్టముగా తెలియును. హిందూపురము పట్టుగూళ్ల మార్కెట్టునకు పేరుపొందినది. పెనుకొండ 1565లో జరిగిన తళ్లికోట యుద్ధము తరువాత విజయనగర రాజులకు రాజధాని యైనది. నేడు దాని సమీపమున ఎర్రమంచివద్ద 2019 నుండి కియా కార్ల కర్మాగారము పనిచేయుచున్నది. ధర్మవరము పట్టుచీరల నేతకు పుట్టినిల్లు. ఈ పట్టణములనుండి ఎందరో చదువులకును, ఉద్యోగములకును బెంగళూరునకు పోయి నివసించుచున్నారు. గూళ్ల ధర, కర్మాగారములోని పని వేళలు, చీర అంచు రంగు, ముసలి తల్లి ఆరోగ్యము అన్నియు నేడు ఫోనులోనే తెలియుచున్నవి.

‘పెదవి దాటిన పృథివి దాటును’ అని తెలుగువారి సామెత. సెల్‌ఫోను ఆ సామెతను అక్షరాల నిజము చేసినది. కాని అదే ఫోనులో, పెదవి దాటిన మాటను బెత్తెడు దూరమైనను పోనీయక ఆపివేయు సాధన మొకటి కలదు. దానికి మ్యూట్ అని పేరు. మైకు బొమ్మగల ఆ గుర్తును ఒకసారి తాకినచో, మాటలాడువాని గొంతు అవతలివారికి చేరదు. అవతలివారి గొంతు మాత్రము ఇతనికి ఎప్పటివలెనే వినబడుచుండును.

ఈ సాధనము చెడ్డది కాదు. ధర్మవరములో మగ్గము ఆడుచున్న ఇంట కూర్చుండి ఒక బాలిక వీడియో పాఠము వినుచున్న దనుకొనుడు. ఆమె మైకు తెరచియున్నచో మగ్గపు చప్పుడు తరగతిలోని వారందరి చెవులలోను మ్రోగును. ఉపాధ్యాయుని పాఠము ఎవ్వరికిని వినబడదు. అట్టివేళ మైకును మూసియుంచుట మర్యాద. నలుగురు కూడినచోట ఒకరు మాటలాడుచుండగా తక్కినవారు మౌనముగా నుండుట ఎట్లో, ఇదియు అట్లే. దోషము మ్యూట్‌లో లేదు. మ్యూట్ చేయబడినదని తెలియకపోవుటలో ఉన్నది.

నోరు మూసికొన్నవానికి తాను మాటలాడుట లేదని తెలియును. టెలిఫోను తీగ తెగినచో అవతలి గొంతు ఆగిపోవును గనుక ఆ సంగతియు తెలియును. తెలియక మ్యూట్ చేసికొన్నవాని స్థితి అట్టిది కాదు. అవతలి మాట తనకు చక్కగా వినబడుచుండును. కావున తన మాటయు వారికి వినబడుచున్నదని నమ్మును. అవతలివాడు ఇతడు మౌనముగా ఉన్నాడని నమ్మును. ఇద్దరును అబద్ధమాడలేదు, అయినను ఇద్దరును మోసపోవుదురు.

ఒక ఉదాహరణము చూడుడు. ధర్మవరములోని ఒక నేతగాడు దూరపు నగరములోని వ్యాపారికి వీడియోకాల్‌లో చీర చూపించుచున్నాడు. వ్యాపారి, “ఇరువది చీరలు ఉగాదికి ముందే పంపవలెను, ధర మునుపటిదే” అని చెప్పెను. నేతగాడు, “పట్టు ధర పెరిగినది, పాత ధరకు రాదు, ఉగాదికి పదిచీరలు మాత్రమే ఇయ్యగలను” అని వివరముగా చెప్పెను. చీరను త్రిప్పి చూపుటలో అతని బొటనవ్రేలు మైకు గుర్తును తాకెను. ఆ సమాధానములో ఒక్క ముక్కయు వ్యాపారికి చేరలేదు. మౌనము అర్ధాంగీకార మని పెద్దలందురు గదా! వ్యాపారి ఒప్పుకొన్నాడనుకొని ఫోను పెట్టివేసెను. పండుగ ముందర పదిచీరలే చేరినప్పుడు అతడు నేతగానిని మాట తప్పినవాడని నిందించును. నేతగాడు వ్యాపారిని చెప్పిన మాట కాదనువాడని తలచును. ఏండ్ల నాటి నమ్మకము ఒక వ్రేలి స్పర్శతో చెడిపోవును.

ఈ పొరపాటు ఎట్లు కలుగునో తెలిసికొన్నచో దానిని నివారించుట సులభము. స్మార్ట్‌ఫోనులో చెవి ఆనించుచోటికి దగ్గరగా ఒక చిన్న సాధన ముండును. చాల ఫోనులలో అది కంటికి కనబడని పరారుణ కిరణములను వెలువరించును. ఆ కిరణములు చెంపకు తగిలి వెనుకకు వచ్చినచో, ఫోను ముఖమునకు దగ్గరగా ఉన్నదని గ్రహించి తెరను ఆర్పివేయును. తెర ఆరియున్నంతవరకు చెంప తగిలినను ప్రమాదము లేదు. కాని ఫోనును భుజమునకును చెవికిని నడుమ ఇరికించుకొని, చేతులతో వేరుపని చేయుచు మాటలాడువారికి ఫోను కొంత ప్రక్కకు జరుగును. ఆ సాధనము ముఖము దూరమైనదనుకొని తెరను వెలిగించును. అప్పుడు చెంపయో చెవియో మ్యూట్ గుర్తును నొక్కును. తెరపై అంటించిన స్క్రీన్‌గార్డు సరిగా కుదరకున్నను, ఆ చోట మురికి పట్టినను అది పొరబడవచ్చును.

రెండవ కారణము ఇయర్‌ఫోనులు. కొన్నింటి తీగపై చిన్న మీట యుండును. చొక్కా గుండీకి ఒరసికొని అది నొక్కుకొనును. తీగలేని వానిలో కొన్నింటిని తాకిన మాత్రముననే మైకు మూసికొనును. కొన్ని హెడ్‌ఫోనులకు మైకును పైకెత్తిన మ్యూట్ అగు ఏర్పాటు కలదు. ఇందులో ఒక చిక్కున్నది. ఫోను తెరమీద మైకు తెరచియున్నట్లే కనబడుచు, హెడ్‌ఫోనులోని మీట మూసియుండవచ్చును. ఇది రెండు తలుపుల గదివంటిది. లోపలి తలుపు తెరచి, బయటి తలుపు మరచినవాడు వీధిలోనికి రాలేడు.

మూడవ కారణము రెండవ పిలుపు. వీడియోకాల్ జరుగుచుండగా సాధారణమైన ఫోను వచ్చి, దానిని ఎత్తినచో, అనేక ఫోనులలో మైకు ఆ కొత్త పిలుపునకు పోవును. అది ముగిసిన పిమ్మట మైకు మరల వీడియోకాల్‌కు వచ్చినదో లేదో చూచుకొనవలెను. నాలుగవది సమావేశమును నడుపువారి ఏర్పాటు. చాలమంది చేరు సమావేశములలో ప్రవేశించిన వెంటనే అందరి మైకులును మూయబడునట్లు వారు అమర్చవచ్చును. ఒకరి మైకును వారు మూయగలరు గాని, సాధారణముగా ఆ వ్యక్తి సమ్మతి లేక తెరవలేరు. ఒకరి ఇంటి మాటలు వారికి తెలియకుండ బయటికి పోగూడదు గనుక ఆ నియమము న్యాయమైనదే. కావున తెరచు బాధ్యత మాటలాడువానిదే.

ఐదవది అనుమతి. ఫోనులో కొత్తగా పెట్టుకొన్న యాప్ మైకును వాడుకొనుటకు అనుమతి కోరును. తొందరలో ‘వద్దు’ అని నొక్కినవారు తరువాత ఎంత గట్టిగా మాటలాడినను ఆ యాప్‌లో వారి గొంతు వినబడదు. సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు చూచి మైకు అనుమతిని ఇచ్చినచో ఈ లోపము తీరును.

కారణములు తెలిసినప్పుడు జాగ్రత్తలు వాటియంతట అవియే తోచును. ముఖ్యమైన పిలుపునకు ముందు తెరను, చెవి ఆనించుచోటును మెత్తని గుడ్డతో తుడువవలెను. ఫోనును భుజముతో అదిమిపట్టక చేతితో పట్టుకొనవలెను. చేతికి పని యున్నచో స్పీకరు పెట్టి ఫోనును బల్లమీద నుంచుట మేలు. ఇయర్‌ఫోనులతో మాటలాడుచు ఫోనును జేబులో వేసికొనువారు ముందుగా తెరను ఆర్పవలెను. కొన్ని ఫోనులలో ప్రక్కనున్న మీటను నొక్కినచో తెర మాత్రమే ఆరును. మరికొన్నింటిలో పిలుపే తెగిపోవును. తన ఫోను ఎట్టిదో ఇంటివారితో మాటలాడి ముందే పరీక్షించుకొనుట వివేకము. వీడియోకాల్‌లో చీరనో, పుస్తకమునో చూపదలచినవారు ఫోనును అంచులయందు పట్టుకొనవలెను. గుర్తులున్న అడుగుభాగమున వ్రేళ్లుంచరాదు.

కంప్యూటరు వాడువారు మైకును తెరచి మూయు మీటలను కంఠస్థము చేయుట మంచిది. విండోస్ కంప్యూటరులో జూమ్‌కు ఆల్ట్, ఏ మీటలను కలిపి నొక్కవలెను. గూగుల్ మీట్‌కు కంట్రోల్, డి. టీమ్స్‌కు కంట్రోల్, షిఫ్ట్, ఎం. జూమ్‌లో మ్యూట్ అయియున్నప్పుడు స్పేస్‌బార్‌ను నొక్కిపట్టినంతసేపు మైకు తెరచియుండి, వదలిన వెంటనే మూసికొనును. ఏ యాప్‌లోనైనను మైకు బొమ్మపై అడ్డగీత యున్నచో మాట ఆగినదని అర్థము. మాటలాడుటకు ముందు ఆ బొమ్మవైపు ఒక్కచూపు చూచు అలవాటు అన్ని మీటలకన్న మేలైనది. ఆ చూపు రెండు విధముల ఉపకరించును: మూసియుండగా తెరచినదనుకొని మాటలాడుటయు తప్పును, తెరచియుండగా మూసినదనుకొని ఇంటి గుట్టు బయట పెట్టుటయు తప్పును.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను పొరపాటు జరుగవచ్చును. అప్పుడు దానిని త్వరగా గుర్తించు ఉపాయమేమి? ఆ ఉపాయము ఈ మూడు పట్టణములను కలుపు రైలుమార్గముననే నేర్చుకొనవచ్చును. ధర్మవరమునుండి పెనుకొండ, హిందూపురముల మీదుగా రైళ్లు బెంగళూరునకు పోవుచున్నవి. భారతీయ రైల్వేలలో రైలు వచ్చుచున్న సంగతిని స్టేషనుమాస్టరు గేటు కాపరికి ఫోనుద్వారా తెలుపు పద్ధతి యున్నది. ‘చెప్పితిని గనుక అతడు వినియుండును’ అని స్టేషనుమాస్టరు అనుకొనరాదు. గేటు కాపరి గేటు మూసినట్లు చెప్పి, తన యొద్దనున్న పట్టికనుండి ప్రైవేటు నంబరు అను ఒక సంఖ్యను చదువవలెను. ఆ సంఖ్యను వ్రాసికొన్న పిమ్మటనే ఆ మాట చేరినదని లెక్క. సంఖ్య రాకున్నచో మాట చేరలేదనియే భావింపవలెను. అక్కడ మౌనము అంగీకారము కాదు. వందలకొలది ప్రయాణికుల ప్రాణములు ఆ చిన్న నియమముమీద ఆధారపడియున్నవి.

ఇండ్లలోను ఇట్టి నియమమును పాటింపవచ్చును. పిలుపు ఆరంభమున “నా మాట వినబడుచున్నదా?” అని అడిగి, సమాధానము వచ్చువరకు ఆగవలెను. ముఖ్యమైన ధర, తేదీ, మందు పేరు చెప్పినప్పుడు అవతలివారిచేత తిరిగి చెప్పించుకొనవలెను. మాటలాడుచుండగా అవతలినుండి ‘ఊ’ అను శబ్దమైనను రాకున్నచో వెంటనే ఆగి తెరవైపు చూడవలెను. అవతలివారి గొంతు స్పష్టముగా వినబడుచు, తన మాటకు మాత్రము బదులు రాకున్నచో, అనుమానింపవలసినది మొదట తన మైకును. తెరమీది గుర్తును, తరువాత ఇయర్‌ఫోను మీటను, పిదప అనుమతిని వరుసగా చూడవలెను. ఇవన్నియు సరిగానున్నచో అప్పుడు సిగ్నలును శంకింపవచ్చును. చాలమంది ఈ వరుసను తలక్రిందులు చేసి, సిగ్నలును తిట్టుచు ఇంటి పైకప్పు ఎక్కుదురు.

వినువానికిని కర్తవ్యము కలదు. ఆంధ్రప్రదేశమున 2019 నవంబరులో ఈ-సంజీవని సేవ మొదలైనది. దానిద్వారా గ్రామ ఆరోగ్యకేంద్రమునకు వచ్చిన రోగులు దూరముననున్న వైద్యులకు వీడియోకాల్‌లో తమ బాధను చెప్పుకొనగలుగుచున్నారు. జ్వరముతోనున్న బిడ్డను ఒడిలో పెట్టుకొన్న ఒక తల్లి ఇట్టి వీడియోకాల్‌లో మాటలాడుచున్న దనుకొనుడు. “బిడ్డకు మూర్ఛ వచ్చినదా?” అని వైద్యుడు అడిగెను. ఆమె పెదవులు కదలుచున్నవి. మాట వినబడుట లేదు. అప్పుడు వైద్యుడు ‘రాలేదు కాబోలు’ అనుకొని ముందునకు సాగరాదు. చెవిని చేతితో చూపి, వినబడుట లేదని సైగ చేయవలెను. “అమ్మా, నీ మాట అందలేదు, తెరమీది మైకు బొమ్మను తాకుము” అని నెమ్మదిగా చెప్పవలెను. అప్పటికిని వినబడకున్నచో సందేశము వ్రాసి పంపవలెను, లేదా మరల పిలువవలెను. ‘అవును’ అను ఒక్కమాటలో ఆ బిడ్డ ప్రాణమే ఇమిడియుండవచ్చును.

అంబులెన్సుకై 108 నంబరును పిలుచువేళ ఈ శ్రద్ధ మరింత అవసరము. తెలుగునాట ఆ సేవ 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదులో ప్రారంభమైనది. ఆపదలో చేతులు వణకును. వ్రేలు ఎచ్చట తగులునో తెలియదు. అవతలివారు “హలో, హలో” అని మరల మరల అనుచున్నచో, గొంతు పెంచి అరచుటవలన ప్రయోజనము లేదు. ఫోనును చెవినుండి తీసి, మైకు బొమ్మను చూచి, స్పీకరు పెట్టి, ఊరి పేరును గుర్తుపట్టదగిన స్థలమును చెప్పవలెను. మూసిన తలుపును అరపులు తెరవలేవు, చేయి తెరవగలదు.

ఇండ్లలోని ముసలివారు ఈ మ్యూట్ గుర్తును ఎరుగక, తమ మాట వినబడనప్పుడు కొడుకో, మనుమరాలో తమను పట్టించుకొనుట లేదని బాధపడుచుందురు. పది నిమిషములు చెప్పుకొన్న కష్టసుఖములకు బదులు రాకున్నచో ఎవరి మనసు నొచ్చుకొనదు? బాలబాలికలు అవ్వకో తాతకో దగ్గర కూర్చుండి ఆ బొమ్మను చూపి, ఒకసారి మూసి, ఒకసారి తెరచి, రెండింటి భేదమును చెవికి వినిపించి నేర్పవలెను. వారు పొరపడినప్పుడు నవ్వరాదు. అక్షరములు నేర్పినవారికి ఒక గుర్తును నేర్పుట ఋణము తీర్చుకొనుటలో మొదటి మెట్టు.

లేపాక్షి కథలోని పక్షికి ఫోను లేదు. దానికున్నది కొనఊపిరి మాత్రమే. ఆ ఊపిరిని నిలుపుకొని, వినువాడు వచ్చువరకు వేచియుండి, అతడు వినుచున్నాడని చూచిన పిమ్మటనే చెప్పదలచినది చెప్పెను. వినువాడును దాని ప్రక్కన మోకరిల్లి, మాట ముగియువరకు కదలలేదు. యంత్రములు ఎన్ని మారినను మాటకు కావలసినవి ఆ రెండే. చెప్పువాడు తన మాట చేరినదని నిశ్చయపరచుకొనవలెను. వినువాడు అందని మాటను అందినట్లు ఎంచక మరల అడుగవలెను. ఆ నిశ్చయము కలిగినప్పుడు పెదవి దాటిన మాట నిజముగా పృథివిని దాటును.